వాసన లేదు, రంగు లేదు

నా భార్య బతికున్నంతకాలం సంపాదించిన నమ్మకాన్ని ఆమె తమ్ముడు ఒక్క వేసవిలో తగలేశాడు. ఇది నా అనుమానం కాదు. కోపంలో అంటున్న మాటా కాదు. జరిగిన సంగతి. ఆమే బతికొచ్చి కాదన్నా నేను మార్చుకోను.

మా దుకాణం షట్టరు దించి ఉంది. దించింది నేను. ఆ మధ్యాహ్నం సిటీ బస్సు కండక్టరు ఒకావిడ, డ్యూటీ బట్టల్లోనే, భుజాన టికెట్ల సంచీ, చంకలో ఏడుస్తున్న ఆడపిల్లతో వచ్చింది. మేం అమ్మే లోషన్ సీసా బల్లమీద పెట్టి, "ఇందులో ఏం కలిపారు?" అని అడిగింది. ఆ మాట వినగానే నా బావమరిది వెనక గుమ్మం వైపు జారుకోబోయాడు. కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. వీధి వైపు పారిపోకుండా షట్టరు దించాను. వెనకగది అవతల పెరట్లోకి పోయే గుమ్మానికీ గొళ్ళెం పెట్టాను.

పిల్ల మొహం చూశాక నాకు ఇంకేదీ కనబడలేదు. ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్న పిల్ల. బుగ్గలు రెండూ వానకు నాని పెచ్చులూడిన గోడలా ఉన్నాయి. పెచ్చుల మధ్య తడి. గీరుకోకుండా చేతులకు మేజోళ్ళు తొడిగి, మణికట్ల దగ్గర రిబ్బను కట్టింది తల్లి. ఆ మేజోళ్ళతోనే పిల్ల మొహం రుద్దుకుంటోంది. రుద్దుకున్న ప్రతిసారీ కేకపెడుతోంది.

"బావా, షట్టరు తియ్యి. గాలాడట్లేదు," అన్నాడు వాడు.

"ఆడకపోయినా చావవు. ఏం కలిపావో చెప్పు."

"అక్క కలిపినవే కలిపాను."

"మీ అక్క కలిపింది రాసుకుంటే మొహం ఇలా అవుతుందా?"

"కొంతమందికి పడదు బావా. పసిపిల్ల. పళ్ళొస్తున్నాయేమో, ఆ వేడికి ఒక్కోసారి..."

"పళ్ళు బుగ్గల మీద మొలుస్తాయా మీ ఇంట్లో?" అంది కండక్టరమ్మ.

వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మాది ఫ్యాక్టరీ కాదు. ముందు దుకాణం, వెనక వంటగదంత గది. రెండు స్టవ్వులు, స్టీలు గిన్నెలు, గిలక్కొట్టే చేతి మిషను. నా భార్యకు సబ్బు పడేది కాదు. కొత్త బట్ట కట్టుకుంటే నడుం చుట్టూ దద్దుర్లు వచ్చేవి. కొన్నది ఏది రాసుకున్నా మంటే. అందుకని తనకోసం తనే చేసుకోవడం మొదలుపెట్టింది. మెత్తగా పట్టిన ఓట్స్ నానబెట్టి వడగట్టిన నీళ్ళు, పొద్దుతిరుగుడు నూనె, తేనెమైనం, గ్లిజరిన్, నూనే నీళ్ళూ విడిపోకుండా పట్టే ఇంకో మైనం. నూనెను విడిగా, నీళ్ళను విడిగా వేడిచేసి, రెండూ ఒకే వేడిమీద ఉన్నప్పుడు కలిపి, చల్లారేదాకా గిలక్కొట్టేది. చివర్లో చెడిపోకుండా నిలవమందు కొన్ని చుక్కలు. అంతే. ఆ తర్వాత పక్కింటివాళ్ళు అడిగారు. వాళ్ళ చుట్టాలు అడిగారు. ఒళ్ళు మండేవాళ్ళు ఊళ్ళో అంతమంది ఉన్నారని అప్పుడు తెలిసింది మాకు.

నేను గోడలకు రంగులు వేసేవాణ్ణి. దుకాణం పైన గోడమీద అక్షరాలు రాసింది నేనే. "వాసన లేదు. రంగు లేదు. ముందు మా ఒంటిమీద, తర్వాతే మీ ఒంటిమీద." మాటలు ఆమెవి.

"మొదటిరోజు కొంచెం ఎర్రబడిందండీ," కండక్టరమ్మ నాతో చెబుతోంది. వాడి వైపు చూడడం లేదు. "సీసా మీద నంబరుకు ఫోను చేశాను. ఈయనే ఎత్తారు. లోపలి చెడు బయటికొస్తోందమ్మా, భయపడకండి, ఆపకండి, ఇంకాస్త ఎక్కువ రాయండి అన్నారు."

నేను వాడి వైపు తిరిగాను.

"అన్నావా?"

"అందరూ అదే అంటారు బావా. ఆ వ్యాపారంలో..."

"అన్నావా, లేదా?"

"అన్నాను."

"రాశానండీ," అందామె. "వద్దని అది మొహం తిప్పేసుకుంటుంటే, చేతులు రెండూ నా మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి రాశాను. రోజూ. నా చేత్తో. మందనుకుని రాశాను."

నాకు చెయ్యి లేచింది. పిల్ల ఉందని దించాను.

సీసా మూత తీశాను. తెల్లగా ఉంది. రంగు మారలేదు. అంచు దగ్గర వేలు తిప్పితే సన్నగా, బూడిదరంగులో ఏదో అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోవడం దండగ. థిన్నరు పీల్చి పీల్చి నా ముక్కు ఎప్పుడో చచ్చింది. ఉల్లిపాయకూ పచ్చగడ్డికీ తేడా తెలియదు నాకు.

"అమ్మా, ఇది ఏం వాసన?"

ఆమె వంగి చూసి మొహం ముడుచుకుంది. "నిమ్మకాయ. గట్టిగా నిమ్మకాయ వాసన. దాని కింద ఇంకేదో ఉంది. ఆరీ ఆరని గుడ్డ మూలపడేస్తే వస్తుందే, అది."

ఇంట్లో వాసన తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. వాడి అక్క ఉన్నప్పుడు వాడు ఈ పని చేయలేదు. గదిలోకి అడుగుపెట్టకముందే ఆమె కనిపెట్టేది.

"నిమ్మకాయ ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

వాడు కుర్చీలో సర్దుకున్నాడు. అబద్ధం పనికిరాదని తేలాక వాడికి ధైర్యం వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే.

"నిమ్మతొక్క నూనె. అసలైనది. నకిలీ సెంటు కాదు బావా, తొక్క పిండి తీసింది. నీకు తెలియదు, దుకాణాల్లో జనం ఏం చేస్తారో. మూత తీస్తారు, వాసన చూస్తారు. మైనం వాసన, పిండి వాసన. పెట్టేసి వెళ్ళిపోతారు. వాసన లేని సీసాను ఎవడు కొంటాడు?"

"నీ అక్క దగ్గర కొన్నారు."

"వీధిలోవాళ్ళు కొన్నారు. నేను పెద్ద దుకాణాల సంగతి చెప్తున్నా."

"వాసన సరే. ఈ బూడిదరంగు ఏమిటి? నిలవమందు వేశావా?"

వాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వేశావా అంటున్నా!"

"తీసేశాను. కెమికల్స్ లేవు అని రాయకపోతే ఈ రోజుల్లో ఎవరూ చెయ్యి కూడా వెయ్యరు బావా. అందరికీ సహజమే కావాలి. సహజంగా ఉండాలి, మొక్కల్లోంచి రావాలి. అక్క పాతకాలం మనిషి. నేను ఒక్క అడుగు ముందుకు వేశాను, అంతే. మందు తీసేశాను, సహజమైంది వేశాను."

"దురదగొండి ఆకు కూడా సహజమే. మెడకు చుట్టుకో."

"వెటకారాలు వద్దు. నిమ్మకాయ మనం తినేదే కదా!"

"మిరపకాయా తినేదే. నూరి కంట్లో పెట్టుకో. తినేదే కదా, ఏమవుతుంది?"

కండక్టరమ్మ నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

నీళ్ళున్న చోట బూజు పుడుతుంది. పుట్టకుండా చూడటానికే ఆ నాలుగు చుక్కలు. నా భార్య ఈ మాట వీడికి గిన్నె దగ్గర నిలబెట్టి చెప్పింది, నేను విన్నాను. వీడు ఆ చుక్కలు తీసేశాడు. సరుకు పుల్లబడింది. పులుపు వాసన కప్పడానికి నిమ్మనూనె ఎక్కువ పోశాడు. చెమ్మ పట్టిన గోడకు పైన రంగు పూసి అద్దెకిచ్చే ఇంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. గోడకైతే మళ్ళీ గీకి పూయవచ్చు.

"పిల్లను చూపించిన డాక్టరుకు ఫోను చెయ్యమ్మా," అన్నాను. "వీడి నోటితోనే చెప్పిస్తాను."

"ఇప్పుడు డాక్టర్లెందుకు బావా? నేను నెమ్మదిగా మాట్లాడి, వాళ్ళకేం కావాలో..."

"ఈ సీసాలో ఉన్నది మొత్తం చెప్తావు. ఒక్కటి మింగినా పిల్లకు రాసినట్టే నీ మొహానికి రాస్తాను. మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి."

ఆమె ఫోను చేసి బల్లమీద పెట్టింది. పిల్లల ఆసుపత్రి డాక్టరు, ఆడమనిషి, విసిగిపోయిన గొంతు. వాడు గొణిగాడు. నేను భుజం నొక్కాను. గట్టిగా చెప్పాడు. ఓట్స్ నీళ్ళు అన్నాడు, నూనె అన్నాడు, మైనం అన్నాడు. నిమ్మతొక్క నూనె దగ్గర ఆగాడు. మళ్ళీ నొక్కాను. నిలవమందు తీసేసిందీ, సరుకు బూజుపట్టిందీ కూడా చెప్పాడు.

"నిమ్మతొక్క నూనె రాసి పిల్లను ఎండలో తిప్పారా?" అంది డాక్టరు.

"మా అమ్మవాళ్ళింట్లో దింపి డ్యూటీకి వెళ్తానండి. బస్టాపు దాకా ఎత్తుకునే..." కండక్టరమ్మ ఆగిపోయింది. "రోజూ ఎండలోనే."

"ఆ నూనెకు ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది. అన్నీ ఆపేయండి. కాచి చల్లార్చిన నీళ్ళతో అద్దండి, రుద్దొద్దు. నా దగ్గరికి వచ్చేదాకా ఇంకేమీ పుయ్యకండి. మొహానికి నీడ పట్టి తీసుకురండి. సరుకు బూజుపట్టింది అన్నారు కదా, పగిలిన చోట చీము పట్టిందేమో నేను చూడాలి. ఈ మాట ముందే చెప్పి ఉంటే వేరే మందు ఇచ్చేదాన్ని. ఇన్నాళ్ళూ తిండి పడలేదేమో అనుకుని పాలు మాన్పించాను పిల్లకి."

కండక్టరమ్మ ఫోను పెట్టేసింది. పాలు మాన్పించారు. పసిపిల్లకి. వీడి నిమ్మకాయ కోసం.

"అమ్మాయ్!" అని వెనకగదిలోకి కేకేశాను. "కాచి చల్లార్చిన నీళ్ళు, ఉడికించిన గుడ్డ పట్రా!"

నా కూతురు వచ్చింది. తల్లి పోయాక సీసాలు ఉడకబెట్టడం, నింపడం, మూతలు బిగించడం అదే చూస్తోంది. చేతిలో గిన్నె, గిన్నె మీద గుడ్డ. అంత ఉక్కలో మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా వేసుకుంది. పిల్ల మొహం చూసింది. గిన్నెలో నీళ్ళు తొణికి కిందపడ్డాయి. కండక్టరమ్మ గిన్నె అందుకోకపోతే మొత్తం పడేది.

నా కూతురు అక్కడ నిలబడలేదు. వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

కండక్టరమ్మ ముందుగదిలో పిల్ల మొహం అద్దుతోంది. నేను బావమరిదిని రెక్క పట్టుకుని వెనకగదిలోకి లాక్కుపోయాను. నింపిన సీసాలు గోడవారగా అరల మీద, మూతలు బిగించి, మెరుస్తూ ఉన్నాయి. ఒక్కో సీసామీద నా భార్య ఫోటో. నవ్వుతోంది.

"బయట గోడమీద నేను ఏం రాశాను?"

"బావా..."

"చదవడం వచ్చుగా నీకు? ఏం రాశాను?"

"ముందు మా ఒంటిమీద."

"ఎవరి ఒంటిమీద చూశావు?"

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గిన్నె స్టవ్వు దిగగానే సీసాల్లోకి పోయరు. ముందు కొంచెం తీసి మోచేతి లోపలివైపు, చర్మం పలచగా ఉండేచోట రాస్తారు. గుడ్డ కడతారు. తెల్లారి విప్పి చూస్తారు. ఆ తర్వాత రెండుమూడు రోజులు మళ్ళీ మళ్ళీ రాస్తారు. ఎర్రబడకపోతే "మోచెయ్యి ఒప్పుకుంది" అంటారు. అప్పుడే సీసాలు బయటికి తీస్తారు. ఎర్రబడితే గిన్నె మొత్తం పారబోయడమే. ఎంత సరుకైనా సరే. నా భార్య ఒకసారి పండగలాంటి గిరాకీ ఉన్న రోజుల్లో పెద్ద గిన్నె నిండా కాలవలో పోయించింది. పోసింది నేనే. తిట్టుకుంటూ పోశాను. ఇంట్లో అందరికంటే పలచని చర్మం ఎవరిదో వాళ్ళదే మోచెయ్యి. నాది పనికిరాదు. సున్నం తిన్న చెయ్యి, తారు రాసినా ఒప్పుకుంటుంది.

"ఎవరి మీద చూశావురా?"

వాడు నా వెనక్కి చూశాడు. నా కూతురు నీళ్ళతొట్టి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉంది.

"నన్ను కాదు అడగాల్సింది," అన్నాడు. గొంతులో ఏదో తేలిక. "నేను ప్రతి గిన్నెకూ అడిగాను. ఒప్పుకుందా అమ్మలూ అని అడిగాను. ఒప్పుకుంది మావయ్యా అంది. ప్రతిసారీ. అప్పుడే సీసాల్లో పోశాను. కావాలంటే అడుగు."

"అబద్ధమాడకు. దాన్ని లాగకు ఇందులోకి."

"నేనెందుకు లాగుతాను బావా? అదే ఉంది కదా ఎదురుగా."

నా కూతురు తిరగలేదు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. వేడినీళ్ళలో సీసాలు కడిగే మనిషి చేతులు పైకి మడుచుకోకుండా కడిగిందని అప్పుడు చూశాను.

"గుండీ విప్పు," అన్నాను.

"వద్దు నాన్నా."

"విప్పు."

"నాన్నా, నేను చెప్తాను, ముందు వినండి..."

"నాకు మాటలు అక్కర్లేదు. చెయ్యి చూపించు."

విప్పింది. తడిబట్టను పైకి లాగడానికి చాలాసేపు పట్టింది. మోచేతి మడతలో చర్మం లేదు. ఉన్నది ఎర్రగా, తడిగా, అంచుల్లో నల్లబడి, ఒకదాని మీద ఒకటి పడిన మచ్చలు. పాతవి కింద, కొత్తవి పైన. రెండో చెయ్యి చూపించమన్నాను. అదీ అంతే.

ఒక్కసారి కాదు. ప్రతి గిన్నెకూ రాసుకుంది. ప్రతి గిన్నెకూ కాలింది. ప్రతి గిన్నెకూ ఒప్పుకుంది అని చెప్పింది.

"ఎందుకు?"

"నా చర్మం దేనికీ ఒప్పుకోవట్లేదు నాన్నా." ఏడవలేదు. నీళ్ళతొట్టి అంచు పట్టుకుని నిలబడింది. "అమ్మ పోయినప్పటినుంచీ. సబ్బుకు మండుతోంది, నీళ్ళకు మండుతోంది, దుప్పటికి మండుతోంది. అమ్మ ఆఖరున చేసిన సీసా దాచుకున్నాను కదా, అది రాసినా మండింది. అమ్మ చేసిందే నాకు పడకపోతే ఇక నా మోచెయ్యి మాటకు విలువేముంది? తప్పు లోషన్‌ది కాదు, నాదే అనుకున్నాను."

"అనుకున్నావా, ఎవరైనా అనిపించారా?"

మావయ్య వైపు చూసింది. మావయ్య అరల వైపు చూశాడు.

"నీది బాధకు వచ్చిన మంట, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు అన్నాడు మావయ్య. నువ్వు ఒప్పుకోలేదంటే పెద్ద దుకాణంవాళ్ళు వెనక్కి పంపేస్తారు, మీ అమ్మ ఫోటో ఇక ఏ సీసామీదా ఉండదు అన్నాడు."

"నేను బతిమాలానేమో, బలవంతం చెయ్యలేదు!" అన్నాడు వాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

ఈసారి నా కళ్ళల్లోకి చూసింది. "మీతో ఎవరు ఏం చెప్పగలరు నాన్నా? అమ్మ పోయినప్పటినుంచీ మీరు ఇంట్లో అడుగుతారు, తిడతారు. వినరు."

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. ఇవ్వలేదు. ఒళ్ళు చెప్పిన మాటకు కారణాలు ఉండవు. ఎర్రబడింది అంటే కాదు అని. దుఃఖం వల్ల ఎర్రబడినా కాదనే. వాళ్ళమ్మ దగ్గర ఈ పని నేర్చుకున్న పిల్లకు నేను ఇది చెప్పనక్కర్లేదు. దానికి తెలుసు. తెలిసే ఒప్పుకుంది అని చెప్పింది.

సీసాల చప్పుడు వినిపించింది. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే వాడు అరలమీది సీసాలు తీసి మూతలు విప్పి తొట్టిలో బోర్లిస్తున్నాడు. కొళాయి తిప్పాడు. తెల్లటి సరుకు నీళ్ళతో కలిసి పోతోంది. వెనకనుంచి జబ్బ పట్టి లాగితే వెళ్ళి స్టవ్వుకు గుద్దుకున్నాడు.

"పారబోస్తున్నా బావా! నువ్వే కదా పాడైందన్నావు! పారబోస్తే గొడవ వదిలిపోతుంది కదా!"

"పాడైనదాన్ని ఎవరూ రాసుకోకముందు పారబోయాలి. రాసుకున్నాక దాచిపెట్టాలి. అడిగినవాళ్ళకు చూపించాలి. ఒక్క సీసా ముట్టుకుంటే వేళ్ళు విరుస్తాను."

"ఎవరు అడుగుతారు?"

"నేను అడుగుతాను."

గుమ్మంలో కండక్టరమ్మ. పిల్ల ఏడుపు ఆపింది, తల్లి భుజంమీద తల వాల్చి ఎక్కిళ్ళు పెడుతోంది. ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. నా కూతురు అప్పటికే చొక్కా చేతులు కిందికి లాక్కుంది. వీపు గోడకు ఆనించుకుని నిలబడింది.

"ఆసుపత్రికి వెళ్తున్నాను. షట్టరు తియ్యండి," అందామె. "వెళ్ళేముందు ఒక్కటి చెప్పండి. బయట గోడమీద రాశారు. ముందు మా ఒంటిమీద అని. అది చూసే కొన్నాను నేను. వాసన లేదన్నదానికి కాదు, రంగు లేదన్నదానికి కాదు. ఎవరో ఒక మనిషి ముందు తన ఒంటిమీద రాసుకుంటే, ఆ మనిషికేం కాలేదు, నా పిల్లకూ కాదు అనుకున్నాను. ఎవరా మనిషి?"

బావమరిది నా కూతురు వైపు చూశాడు. నోరు తెరిచాడు.

"నేను," అన్నాను.

వాడి నోరు అలాగే ఉండిపోయింది.

"మీరా?"

"నేనే. నా మోచెయ్యి. నాకేం కాలేదు, సీసాల్లో పొయ్యమన్నాను."

"నాన్నా!" అంది నా కూతురు.

"నువ్వు మాట్లాడకు."

కండక్టరమ్మ నా చేతుల వైపు చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకా రంగులు ఉన్న చేతులు. తర్వాత గోడకు ఆనుకున్న నా కూతురు తడిసిన చొక్కా చేతుల వైపు చూసింది. ఏం చూసిందో, ఎంత విన్నదో నాకు తెలియదు.

"పెద్దాయనా, నేను రోజంతా బస్సులో అబద్ధాల మధ్య తిరుగుతాను," అంది. "టికెట్ ఉన్నవాడు జేబులు వెతుక్కుంటాడు. లేనివాడు నేను అడిగీ అడక్కముందే సమాధానం చెప్తాడు. మీరు వెతుక్కోలేదు."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"సరే. మీరే అన్నారు. ఇలాంటి సరుకును తనిఖీ చేసే ఆఫీసు ఉంది. దాని ముందే నా బస్సు ఆగుతుంది. రేపు ఆఫీసర్ని తీసుకొస్తాను. ఇప్పుడు నాతో అన్న మాట ఆయన ముందు అనాలి. మీ చెయ్యి కూడా చూపించాలి. మిగతా సీసాలు కొన్నవాళ్ళ సంగతి?"

"ఒక్కో దుకాణానికీ నేను వెళ్తాను. వెనక్కి తెస్తాను. ఇళ్ళకు ఇది ఫోను చేస్తుంది," నా కూతుర్ని చూపించాను. "ప్రతి ఇంటికీ. తిట్టినా వింటుంది. వినాలి."

నా కూతురు తల ఊపింది.

షట్టరు ఎత్తాను. ఎండ బల్లమీదికి దూకింది. కండక్టరమ్మ కొంగులాంటి పెద్ద గుడ్డ ఒకటి సంచీలోంచి తీసి పిల్ల మొహానికి అడ్డం పట్టి, గోడల నీడ వెంబడి గబగబా నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. పిల్ల చేతి మేజోడు ఒకటి ఊడి వేలాడుతోంది.

వాడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చెమట తుడుచుకుంటున్నాడు. మొహంలో వెలుగు వచ్చింది.

"గొప్పపని చేశావు బావా. ఎంతైనా ఇంటిపెద్దవి. రేపు ఆఫీసరు వచ్చినా ఇదే మాటమీద ఉందాం. ముసలాయన, ముక్కు పనిచెయ్యదు, చర్మం మొద్దు, పొరపాటు పడ్డాడు అంటే ఎవరూ పెద్దగా..."

"నీ సామాను తీసుకుని బయటికి నడు."

"బావా?"

"మీ అక్క గుమ్మం ఇది. మళ్ళీ తొక్కావంటే షట్టరు నీ మెడమీద దించుతాను. రేపు ఆఫీసరు ముందు నిమ్మనూనె నీదే, మందు తీసింది నువ్వే, ఇంకాస్త రాయమన్నది నువ్వే. అవి నేను చెప్తాను. మిగతాది నా సంగతి."

"నువ్వు నన్నంటే, నేను అమ్మలు పేరు చెప్పనా? చెప్పలేనా?" అన్నాడు వాడు. నెమ్మదిగా అన్నాడు. వాడు నెమ్మదిగా అన్నప్పుడే నిజంగా అంటాడు.

"చెప్పుకో."

పోయాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, మళ్ళీ వచ్చి వేసుకుని పోయాడు.

నా కూతురు వెనకగది గుమ్మంలో ఉంది. చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని, మడత పడకుండా. నొప్పి అంత ఉన్నప్పుడు మనిషి అలాగే నిలబడుతుంది. ఆసుపత్రికి దాన్నీ తీసుకుపోవాలి. తీసుకుపోతాను. అది వేరే విషయం.

"నాన్నా, రేపు నేనే చెప్పేస్తాను. మీ చెయ్యి చూడగానే ఆయనకు తెలిసిపోతుంది. మావయ్యా ఊరుకోడు. మీరు నా కోసం అబద్ధం మొయ్యొద్దు. నన్ను క్షమించానని ఒక్క మాట అనండి చాలు, నేను వెళ్ళి చెప్పేస్తాను."

"క్షమించలేదు," అన్నాను.

అది తల దించుకుంది.

"రాసుకున్నది నేనేనని నిన్ను క్షమించి అన్నాననుకోకు. ఆ పిల్ల మొహం నా కళ్ళముందు ఉన్నంతకాలం క్షమించను. నువ్వు అడగకు. ఆఫీసరు అడిగినా, మావయ్య అరిచినా, ఎవరి మోచెయ్యి అన్న మాటకు నేను ఒకసారి జవాబు చెప్పాను. అదే మొదలు, అదే ఆఖరు. అబద్ధమని నా చేత ఒప్పించలేరు, నిజమని మళ్ళీ చెప్పించలేరు. నువ్వు పక్కన నిలబడి ఏడ్చినా చెప్పను. నేను చచ్చేదాకా ఈ ఇంట్లో ఆ సంగతి నా నోట రాదు."

"రేపు ఆయన అడిగితే ఏం చేస్తారు నాన్నా?"

నేను ఆఫీసరుకు చూపించాల్సిన సీసాలు ఒక్కొక్కటీ అరలమీద సర్దడం మొదలుపెట్టాను.